ఢాకా వద్దు, దర్వాజ కావాలె

బిడ్డా,

మిలిట్రీల చేసిన మీ తాత మీద నువ్వు రాసి పంపిన కాయితాలు చదివిన. చేతిరాత బాగుంది. ఇగ నా కోపం సంగతి చెప్త.

నాలుగో పేజీల ఒక మాట రాసినవు. తాత సెలవు మీద ఇంటికొస్తే, అప్పటికి మూడేండ్ల పిల్ల అయిన మీ అమ్మ దర్వాజ వెనుక దాక్కొని "అవ్వా, ఎవలో వచ్చిండ్రు" అన్నదట. తాత నెత్తి మీది ట్రంకుపెట్టె దించకుండ అట్లనే నిలబడ్డడట. అది చదివి కాసేపు ముందుకు పోలేకపోయిన. తీరా పేజీ తిప్పితే ఏమున్నది? 1971 డిసెంబర్ 3న పాకిస్తాన్‌తోని యుద్ధం మొదలు, 16న ఢాకాల పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు సంతకం, మన దిక్కు జనరల్ జగ్జిత్ సింగ్ అరోరా, 93 వేల మంది బందీలు. ఐదు పేజీలు అదే. అండ్ల మీ తాత యాడ ఉన్నడు బిడ్డా? అవన్నీ ఏ పుస్తకం తెరిచినా దొరుకుతయి.

మిలిట్రీ మనిషి గురించి రాయాలంటే యుద్ధం కాదు, సెలవులు రాయాలె. ఎవలు విన్నా వినకున్నా నేను చెప్పే మాట ఇదే. హౌరాల ఎక్కి, బెజవాడల బండి మారి, వరంగల్‌ల దిగి, పరకాల బస్సు పట్టేటాలకు ఒళ్లంత బొగ్గు నుసి. ఏడాదికి రెండు నెలలు ఇంట్ల ఉంటడు. తక్కిన పది నెలలు? మనియార్డరు కూపను మీద పట్టే రెండు ముక్కలల్ల ఉంటడు.

ఇన్లాండు కవరు ఫొటో పంపినవు, దాని మీద 99 ఏపీవో అని ఆర్మీ పోస్టాఫీసు నంబరు ఉన్నది. దాన్ని ఉత్త అలంకారానికి పెట్టినవు. పటాలం యాడ ఉన్నదో బయట తెల్వకుండ ఉండేందుకే ఆ చిరునామా. అంటే మొగడు ఏ వాగు ఒడ్డున ఉన్నడో మీ అమ్మమ్మకు తెల్వది, ఆ అంకె ఒక్కటే తెల్సు. ఆమెకు చదువు రాదని నువ్వే రాసినవు. మరి ఉత్తరం ఎవలు చదివి పెట్టిండ్రు, పోస్టుమనా, బడి పంతులా? అరుగు మీద నలుగురి ముందట చదివే ఉత్తరంల మొగడు పెండ్లానికి ఏం రాస్తడు? ఇంకొకల చేత రాయించే జవాబుల ఆమె ఏం చెప్తది? "అందరం బాగున్నం, ఆవు ఈనింది." అంతకు మించి ఏం చెప్పాలనుకున్నదో ఆమెను అడుగు. ఆమె ఉన్నప్పుడే అడుగు.

నాకు ఈ పట్టు ఉత్తగ రాలె. వయసుల ఉన్నప్పుడు హన్మకొండ చౌరస్తా కాడ ఒక ప్రెస్సుల ప్రూఫులు దిద్దేటోన్ని, ఆ కాయితాల వెనుకనే కథలు రాసుకునేది. మా వాడకట్టుల ఒకాయన 15 ఏండ్లు మిలిట్రీల చేసి, పింఛను మీద వచ్చి, బ్యాంకు గేటు కాడ డబల్ బ్యారల్ తుపాకి పట్టుకొని కూసునేటోడు. పొద్దుగాల డ్యూటీకి పోయేముందు బిడ్డకు జడ ఆయనే అల్లేది. రిబ్బను బూటు లేసు లెక్క బిగించి కట్టేది, ఆ పిల్ల మొత్తుకునేది. ఆయన మీద కథ రాసి ఒక వారపత్రికకు పంపిన. మిలిట్రీ అన్నంక సరిహద్దు ఉండాలె, బ్యాంకు గేటు ఏంది, జడ ఏంది అని ఎడిటరు కార్డు రాసిండు. ఆఖర్న జెండా పెడితే ఆగస్టు సంచికల వేస్తనన్నడు. నేను పెట్టలె, ఆయన వెయ్యలె. అసొంటి ఎడిటర్లు ఇప్పటికీ ఉన్నరు. ఆగస్టు 15కు, జనవరి 26కు తప్ప వాళ్లకు సిపాయి యాదికి రాడు. నువ్వు ఆ ఐదు పేజీలు వాళ్ల కోసమే రాసినవని నా అనుమానం.

ఇంకోటి. "ప్రేమమూర్తి", "ఆదర్శప్రాయుడు" అనేవి దినవారాల ఫ్లెక్సీ మీది మాటలు. చౌరస్తాల ఏ ఫ్లెక్సీ చూసినా అవే, ఫొటో ఒక్కటే మారుతది. రిటైరైనంక కూడ తాత నాలుగింటికే లేచి ఇంటిల్లిపాదిని లేపేటోడని ఒక్క ముక్కల తేల్చినవు. నాకు అది రెండు పేజీలు కావాలె. కోడండ్లు ఏమనుకున్నరు? మిలిట్రీ క్యాంటీన్ రమ్ము సీసా కోసం వచ్చే చుట్టాలతోని ఎట్ల వేగిండు? ఆయన కోపం సంగతి అసలే లేదు. కోపం లేని హవల్దారు ఉంటడా?

పుస్తకం వేయాల్నా, ముందుమాట ఎవలను అడగాలె అన్నవు. అవి ఇప్పుడు కాదు. కాయితాలు రేపు పోస్టు చేస్త, ఎర్ర గీతలు చూసి జడుసుకోకు. బతుకమ్మకు ఊరికి పోతవు గద, అమ్మమ్మ కాడ రెండు రోజులు ఎక్కువ ఉండు. ఫోన్ల రికార్డు పెట్టకు, పెడితే ఆమె సక్కగ కూసొని మంచి మాటలే చెప్తది. చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట అడుగు. తిరిగొచ్చినంక ఇంటికి రా, కని తిన్నంక నేను పండుకుంట, నాలుగు దాటినంక రా.