లాబ్రడార్ పిల్లను కొనే ముందు తల్లిని చూడండి

హైదరాబాద్‌లో ఉంటామని, ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి లాబ్రడార్ పిల్ల కావాలని, మంచి బ్రీడర్‌ను, అంటే కుక్కలను ఈనించి పిల్లల్ని అమ్మేవాళ్లను, ఎలా గుర్తుపట్టాలని అడిగారు. మా అనుభవం చెబుతాను.

మొదటి పిల్లను ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొన్నాం. అమ్మినతను ఇంటికి రమ్మనలేదు. రింగ్ రోడ్డు పక్కన కారు ఆపి, అట్టపెట్టెలోంచి తీసి చేతికిచ్చాడు. తల్లి ఏదని అడిగితే "ఫామ్‌లో ఉంది సార్, చాలా దూరం" అన్నాడు. 45 రోజుల పిల్లని చెప్పాడు. మా డాక్టరుగారు పళ్లు చూసి నెల దాటి ఉండదన్నారు. నాలుగో రోజు వాంతులు, నెత్తురు విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు. సెలైన్ ఎక్కించినా రెండు రోజులకే పోయింది. దాని గిన్నెను మా అమ్మాయి చాలా రోజులు ఎవరినీ తీయనివ్వలేదు.

పార్వో వైరస్ ఇంట్లో, పెరట్లో నెలల తరబడి బతికే ఉంటుంది. అందుకే ఏడాది ఆగాం. ఈసారి డాక్టరుగారినే అడిగితే, వరంగల్ వైపు రెండు ఆడకుక్కలను ఇంట్లోనే పెంచుకునే దంపతుల గురించి చెప్పారు. ఫోన్‌లో వాళ్లే మమ్మల్ని ప్రశ్నలడిగారు: పగలు ఇంట్లో ఎవరుంటారు, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, పిల్లల వయసెంత? డబ్బు మాట చివర్లో వచ్చింది. వెళ్లి చూస్తే తల్లి తోక ఊపుకుంటూ వచ్చి మా కాళ్ల దగ్గర కూర్చుంది, దాని పిల్లల్ని ఎత్తుకున్నా ఏమీ అనలేదు. చిన్నపిల్లలున్న ఇంటికి తల్లి స్వభావమే ముఖ్యం.

అన్నిటికంటే నాకు ధైర్యమిచ్చింది ఎక్స్‌రే. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్‌లాంటి పెద్ద జాతుల్లో హిప్ డిస్‌ప్లేసియా ఎక్కువ. తొడ ఎముక గుండు తుంటి గుంటలో సరిగ్గా ఇమడదు. చాలావరకు వంశంలోంచి వస్తుంది, బరువు పెరిగితే ముదురుతుంది. రెండు నెలల పిల్లను చూసి కనిపెట్టలేం. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలే దిక్కు. అవి కూడా రెండేళ్లు నిండాక తీసినవైతే నమ్మకం. "మా కుక్కలకు ఏ జబ్బూ లేదండీ" అని నోటిమాట చెబితే సరిపోదు, ఫిల్ము చూపించమనండి.

చాలామంది పేపర్లు ఉంటే చాలనుకుంటారు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ వంశం ఏమిటో చెబుతుంది, ఆరోగ్యానికి హామీ కాదు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కను 18 నెలలలోపు ఈనించకూడదు, ఏడాదికి ఒక్క ఈతే, మొత్తం మీద 5కు మించకూడదు. కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు ఇది తల్లికి ఎన్నో ఈతో కూడా అడగండి. విసుక్కుంటే అక్కడితో వదిలేయండి.

వ్యాక్సిన్ కార్డులో సీసా మీది స్టిక్కరు, డాక్టరు సంతకం, తేదీ చూడండి. తేదీకి, పిల్ల వయసుకి పొంతన కుదరాలి.

మంచివాళ్ల దగ్గర పిల్లలు ఎప్పుడూ సిద్ధంగా ఉండవు. మేము ఆ దంపతుల దగ్గర పిల్ల కోసం ఐదు నెలలు ఆగాం. తెచ్చుకునే రోజు తల్లి పడుకునే గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. మా పిల్ల మొదటి రెండు రాత్రులూ దాని మీదే నిద్రపోయింది.