చార్జర్ పెట్టే ముందు ఇది చదువు

బుజ్జీ,

నీ రిమోట్ ట్రక్కులో నైట్రో ఇంధనంతో నడిచే ఇంజను తీసి, బ్రష్‌లెస్ కరెంటు మోటారు పెడుతున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఫోన్ పెట్టేసిన కాసేపటికే టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

విప్పడం నీకు నేర్పక్కర్లేదు. ఇంజను, ట్యాంకు, పైపు, థ్రాటిల్ సర్వో తీసెయ్యి. ఛాసిస్‌కి పట్టిన నూనె జిడ్డు ముందే కడుగు. రిసీవర్‌కి వేరే బ్యాటరీ వద్దు, కరెంటు ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) నుంచే వస్తుంది. సెన్సర్ లేని మోటారు వెనక్కి తిరిగితే మూడు వైర్లలో ఏ రెండైనా అటూ ఇటూ మార్చు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు చక్రాలు గాల్లో ఉండాలి.

మోటారు మీది చిన్న పళ్లచక్రం, పినియన్ దగ్గర మాత్రం తొందరపడకు. నీకు తొందరెక్కువ, చిన్నప్పటి నుంచీ అంతే. స్పర్‌కీ (పినియన్ తిప్పే పెద్ద పళ్లచక్రం) పినియన్‌కీ మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, దగ్గరికి నొక్కి, స్క్రూలు బిగించి, కాగితం లాగెయ్యి. స్పర్‌ని వేలితో కదిపితే పళ్ల మధ్య కొంచెం ఆట తెలియాలి. బిగుతైతే మోటారు కాలుతుంది, వదులైతే పళ్లు అరుగుతాయి. 2000 కేవీ (వోల్టుకి 2000 చుట్లు) మోటారుకి 4ఎస్ లైపో (నాలుగు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ) తగిలిస్తే, లోడ్ లేకుండా నిమిషానికి 29,600 చుట్లు. ఇంజను మెల్లగా అందుకునేది. మోటారు ట్రిగ్గర్ నొక్కీ నొక్కగానే ఉన్న బలమంతా చూపిస్తుంది, ఆ దెబ్బ డిఫరెన్షియల్ మీద పడుతుంది. చిన్న పినియన్‌తో మొదలుపెట్టి, మూడు నిమిషాలు తోలి, మోటారు ఎంత వేడెక్కిందో చూశాకే పెద్దది వెయ్యి.

ఇక బ్యాటరీ సంగతి.

నా పని బల్ల మీద నల్ల మచ్చ చూసి అదేంటని ఎన్నిసార్లు అడిగావో. సోల్డరింగ్ ఐరన్ పడిందని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. నేను మొదటిసారి ట్రక్కు మార్చినప్పుడు ఈఎస్‌సీలో బ్యాటరీ రకం నికెల్ అని ఉంది. నేను చూసుకోలేదు. లైపో మరీ దిగిపోకుండా మోటారుని ఆపే కటాఫ్ పనిచేయలేదు. ట్రక్కు నీరసపడేదాకా తోలాను. ఇంటికొచ్చి చూస్తే, నిండితే 12.6 వోల్టులు ఉండాల్సిన 3ఎస్ ప్యాక్‌లో 7 వోల్టులే ఉన్నాయి. చార్జర్ తీసుకోనంది. అది చెప్పింది నిజమే, అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. చార్జర్‌ని నికెల్ మోడ్‌లో పెట్టి పది నిమిషాలు ఎక్కించాను. వోల్టేజీ లేచింది. మళ్లీ లైపో మోడ్‌కి మార్చి, బ్యాటరీని బల్ల మీదే వదిలి పెరట్లోకి వెళ్లాను.

అంతగా దిగిపోయిన లైపోలో రాగి రేకు కరగొచ్చు, చార్జ్ చేస్తే ఆ రాగి ఎక్కడో పేరుకుని లోపలే షార్ట్ కావొచ్చు. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు తెలిసింది బుస్సుమన్న శబ్దం, తెల్లటి పొగ, ఆ వెంటనే మంట. ఇసుక బకెట్ ఉంది కాబట్టి సరిపోయింది. పక్క గదిలో నువ్వు నిద్రపోతున్నావు. నీకు నాలుగేళ్లు. పొగలోంచి నిన్ను ఎత్తుకుని బయటికొస్తే, కళ్లు నలుపుకుంటూ "మావయ్యా, తెల్లారిందా?" అన్నావు.

ఇన్నేళ్లూ నీకు చెప్పలేకపోయాను.

కాబట్టి ఈఎస్‌సీలో లైపో అని ఉందో లేదో నీ కళ్లతో చూడు. కటాఫ్ సెల్‌కి 3.4 వోల్టులు పెట్టు. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌కి 5 ఆంపియర్లు చాలు, సెల్‌లన్నీ సమానంగా నిండేలా చూసే బ్యాలెన్స్ వైరు తప్పనిసరి. వాడనప్పుడు సెల్‌కి 3.8 దగ్గర ఉంచు. ఉబ్బిన ప్యాక్ ఎంత కొత్తదైనా మళ్లీ చార్జ్ చెయ్యొద్దు. చార్జర్ వద్దంటే వద్దనే, ఏ ఉపాయమూ చెయ్యొద్దు. సిమెంటు నేల మీద, నువ్వు పక్కనే కూర్చుని. ఒక్క నిమిషం లేవాల్సొచ్చినా ప్లగ్ పీకి లే. కోప్పడుతున్నాననుకోకు తల్లీ. మొదటి చార్జ్ పెట్టేటప్పుడు వీడియో కాల్ చెయ్యి, నిండేదాకా నేనూ కూర్చుంటాను.

తీసిన ఇంజను పారెయ్యకు. మిగిలిన ఇంధనం ఖాళీ చేసి, లోపల తుప్పు పట్టకుండా ఆఫ్టర్ రన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి, ఫ్లైవీల్ చేత్తో తిప్పి, గుడ్డలో చుట్టి నాకు పంపు. దాన్ని మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు పుల్ స్టార్టర్ తాడు నీ చేతిలోనే ఉంది.

నీ మావయ్య