బ్రూనోకి ఇంకో ఓళిగ పెట్టొద్దమ్మీ

అనంతపురం

అమ్మీ,

ఉగాదికి మీ ఇంటికొచ్చి పోయినప్పటి నుంచీ ఈ జాబు రాయాలనుకుంటున్నా. అక్కడే చెప్పుంటే పండగపూట మీ అత్త నొచ్చుకుంటుందని ఊరుకున్నా. మీ లాబ్రడార్ కుక్క బ్రూనో గురించే. మిద్దె మెట్లు నాలుగెక్కి ఐదోదాని మీద కూలబడినాడు, చూసినావా? వాడికి నాలుగేళ్లే కదా. మీరంతా సోమరిపోతు అని నవ్వినారు. నాకు నవ్వు రాలేదు, మా రాజా గుర్తొచ్చినాడు.

రాజా సంగతి నీకు సగమే తెలుసు. మీ పెదనాన్న చనిపోయిన ఏడాది నేను తెచ్చుకున్న లాబ్రడార్ వాడు. ఇద్దరికి వండే చెయ్యి ఒక్కరికి వండలేక, మిగిలిందంతా వాడి గిన్నెలోకే వేసేదాన్ని. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం నెయ్యేసిన సంగటి, రాత్రి పెరుగన్నం. చూసినోళ్లు ‘ఎలుగ్గొడ్డు మాదిరి ఉన్నాడక్కా’ అంటే మురిసిపోయి, సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసేదాన్ని. బరువు తగ్గించమని డాక్టరు రెండుసార్లు చెప్తే, నా పెంపకానికే వంక పెడుతున్నాడని కోపం తెచ్చుకున్నా. ఏడేళ్లకు వాడు 51 కిలోలు. మగ లాబ్రడార్ ఉండాల్సింది 29 నుంచి 36 కిలోలు.

మే నెలలో ఒకరోజు లేవడం ఆలస్యమైంది. ఎనిమిదిన్నరకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ నుంచి తిరిగొస్తుంటే రోడ్డు మీదే పడిపోయినాడు. కుక్కకు మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద కొంచెం పడుతుంది, మిగతా వేడంతా రొప్పుతూనే దించుకోవాలి. ఒంట్లో కొవ్వు ఆ వేడిని బయటికి పోనీదు. నీడకు లాగి, మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి, గాలి తగిలేట్టు చేసి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలని నాకు అప్పుడు తెలియదు. తల నిమురుతూ ఏడుస్తూ కూర్చున్నా. ఆటో దొరికేలోపే పోయినాడు. ఎండకు పోయినాడని అందరూ అన్నారు. నా చేతి అన్నమే వాణ్ని ఆ ఎండకు నిలవకుండా చేసిందని నాకు తెలుసు.

అందుకే మీ ఇంట్లో రెండ్రోజులు కూర్చుని లెక్క చూసినా. పొద్దున మామ టీతో పాటు బిస్కెట్లు నాలుగు. పిల్లోడు తినలేక వదిలేసిన ఉగ్గాని. మీ అత్త పెట్టిన ఓళిగ, పైన నెయ్యి. రాత్రి మీ ఆయన ప్లేట్లోంచి కోడిముక్కలు. ఇవన్నీ వాడి గిన్నెలో నువ్వు రెండుపూటలా పోసే తిండి కాక! ఎవరికి వాళ్లు ‘నేను పెట్టింది ఇంతే కదా’ అంటారు. మొత్తం ఎంతో ఎవరికీ తెలియదు. పెద్ద చెంచా నెయ్యి 120 కేలరీలు. 30 కిలోలకు దిగాల్సిన కుక్కకు రోజంతటికీ సుమారు 900 చాలు. రెండు చెంచాల నెయ్యికే పావువంతు దాటిపోయింది.

‘ఎంత తిన్నా ఆకలిగానే చూస్తాడు పెద్దమ్మా, ప్రాణం ఒప్పదు’ అన్నావు. చూస్తాడు, నిజమే. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు లాబ్రడార్లను పరీక్షిస్తే, దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలిని అదుపుచేసే జన్యువులో ఒక ముక్క లేదని తేలింది. అట్లాంటి కుక్కకు కడుపు నిండినా నిండినట్టుండదు. ఇంక వాడి కళ్లను చూసి ఎట్లా కొలుస్తావు? చేత్తో చూడు. పక్కటెముకల మీద వేళ్లు ఆనిస్తే, గట్టిగా నొక్కకుండానే ఎముకలు తగలాలి. పైనుంచి చూస్తే నడుం సన్నబడి కనిపించాలి. బ్రూనోకి వెతికి వెతికి నొక్కినా నాకు దిండే తగిలింది. అమెరికాలో 48 లాబ్రడార్లను జతలు చేసి, ఒకదానికన్నా ఇంకోదానికి పావువంతు తక్కువ తిండి పెట్టి, జీవితాంతం గమనించినారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికినాయి, వాటికి కీళ్లనొప్పులు కూడా ఆలస్యంగా వచ్చినాయి. మన పల్లెల్లో గొర్రెల వెంట తిరిగే కుక్కల్ని చూడు, ఒక్కదానికైనా పొట్ట వేలాడుతుందా?

ముందు డాక్టరుకు చూపించి, థైరాయిడ్ పరీక్ష చేయించు. అది తగ్గినా కుక్క లావవుతుంది. తర్వాత ఆయన చెప్పిన కొలత ప్రకారం రోజు తిండంతా పొద్దున్నే ఒక డబ్బాలో పోసిపెట్టు. మామైనా, పిల్లోడైనా ఏదన్నా పెట్టాలనుకుంటే ఆ డబ్బాలోంచే తీసి పెట్టాల. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. మరీ మనసాగకపోతే క్యారెట్, దోసకాయ ముక్కలు పెట్టు. ఉన్నట్టుండి సగానికి సగం కోయొద్దు. వారానికి ఒంటి బరువులో నూటికి ఒకటి, రెండు వంతులు తగ్గితే చాలు.

కర్నూల్లో ఉల్లిగడ్డ లేని కూర ఏ ఇంట్లో ఉంటుంది? ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాల్ని విరిచేస్తాయి. కూర కలిపిన అన్నం ఇంక వద్దు. ద్రాక్ష, పాయసంలో కిస్మిస్ మూత్రపిండాలకు ముప్పు. ఉడికిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. మీ ఆయనకు నా మాటగా చెప్పు.

ఇంకొకటి. పిల్లోడు బిస్కెట్ పొట్లం తీసుకోబోతే వాడు గుర్రుమన్నాడు. నువ్వు వంటింట్లో ఉన్నావు, చూడలేదు. అది పొగరు కాదమ్మీ, మనం నేర్పిందే. మొరిగినప్పుడల్లా పెడితే మొరగడం నేర్చుకుంటాడు. తొమ్మిది రోజులు బిగబట్టి పదోరోజు ఒకరు పెడితే, పదకొండోరోజు ఇంకా గట్టిగా మొరుగుతాడు. మీరు తినేటప్పుడు వాణ్ని వేరే గదిలో ఉంచండి. వాడు తింటుంటే పిల్లోణ్ని దగ్గరికి పోనీవద్దు.

ఎండలు ముదిరినాయి. పొద్దున ఆరులోపే తిప్పు, సాయంత్రమైతే రోడ్డు చల్లబడినాక. ముందు అరచేయి వెనకవైపు రోడ్డుకు ఆనించి చూడు. ఏడు సెకన్లు ఓర్చుకోలేకపోతే వాడి పాదాలూ ఓర్చుకోలేవు. మొదట్లో పది నిమిషాలు చాలు.

ఇంట్లో తూకం మీద వాడు నిలబడడు. ఉల్లి మార్కెట్ పక్క ఎవరి దగ్గరైనా పెద్ద కాటా ఉంటుంది, అడిగి ఈ ఆదివారం ఎక్కించు. ఎన్ని కిలోలో ఫోటో తీసి నాకు పంపు. మళ్లీ పదిహేను రోజులకు ఇంకోటి పంపు. మీ అత్తకు ఈ జాబు చదివి వినిపించు, రాజా సంగతి కూడా.

మీ పెద్దమ్మ