గలగలమంటున్న ఇంజిన్‌కి లక్షా ఎనభై వేలు పెట్టాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని జయపురం. ఆరు చక్రాల లారీ ఉంది, పదకొండేళ్ల బండి, నేనే నడుపుతాను. విశాఖకు బియ్యం, తిరుగులో సిమెంటు. నెలరోజులుగా ఇంజిన్‌లో గలగలమని చప్పుడు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. ఇక్కడి మెకానిక్ ఇంజిన్ దించాలి, 1,80,000 అవుతుందంటున్నాడు. సాలూరు షెడ్‌లో చూసినాయన టాపెట్లే అంటున్నాడు. మా పాప బీటెక్ ఫీజుకని దాచిన ఎఫ్‌డీ 2,50,000 ఉంది. అది తీసేయనా? బండి మీద రూపాయి వడ్డీకి ఫైనాన్స్ ఇస్తామంటున్నారు, అది తీసుకోనా? లేక ఇది అమ్మేసి కొత్తది కొననా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఫైనాన్స్ కాగితాల మీద సంతకమూ పెట్టకండి. టాపెట్లు, అంటే ఇంజిన్ పైభాగంలో వాల్వులు తెరిచే భాగాలు, సరిచేయడమంటే ఒక పూట పని. ఇంజిన్ దించడమంటే ఖర్చుతో పాటు బండి రోజుల తరబడి షెడ్‌లో, కిరాయి లేకుండా. ఈ రెంటిలో ఏదో తేలకుండా మీకు ఎంత అప్పు కావాలో ఎవరు చెప్పగలరు?

నేను మెకానిక్‌ని కాను. కానీ నా దగ్గరికొచ్చే వాళ్లలో లారీ ఓనర్లు చాలామంది. చప్పుడు ఎప్పుడొస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నది చూసుకుని షెడ్‌కి వెళ్లినవాడికీ, ‘ఏదో చప్పుడొస్తోంది, చూడు’ అని తాళాలిచ్చేసినవాడికీ బిల్లులో చాలా తేడా ఉంటుంది. మీ ఉత్తరంలో ఘాట్ మాట తప్ప ఆ వివరం లేదు.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి వినండి. క్లచ్ తొక్కగానే చప్పుడు ఆగిపోతే జబ్బు ఇంజిన్‌ది కాదు. గేర్‌బాక్స్ బేరింగో, క్లచ్ ప్లేటు స్ప్రింగులో. తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్. తర్వాత గాలి గేజు చూడండి. ట్యాంకులు నిండేదాకా టకటకమని, నిండి బుస్సుమని గాలి వదలగానే తగ్గిపోతే అది ఎయిర్ కంప్రెసర్. దీన్ని ఇంజిన్ నాక్ (లోపలి భాగాలు కొట్టుకునే చప్పుడు) అనుకుని నిక్షేపంలాంటి ఇంజిన్ విప్పించుకునేవాళ్లుంటారు. బెల్టు తీసి ఒక్క నిమిషం నడిపిస్తే వాటర్ పంపు, డైనమో సంగతి కూడా తేలిపోతుంది. సైలెన్సర్ క్లాంపులు, ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు ఇంజిన్ ఆపి, చల్లారాక చేత్తో ఊపి చూసేవే.

ఇవేవీ కాకపోతే నాజిల్ పైపులు, అంటే సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు వెళ్లేవి. మీది పాత మెకానికల్ పంపు బండే అయితే, ఐడ్లింగ్‌లో ఒక్కో సిలిండర్ పైపు నట్టు మెకానిక్ చేత కాస్త వదులు చేయించండి. ఏ సిలిండర్ దగ్గర చప్పుడు చచ్చిపోతుందో జబ్బు అక్కడే. అప్పుడు ఆ నాజిల్‌ని టెస్ట్ బెంచ్ మీద పెట్టించాలి. నాజిల్ బాగున్నా చప్పుడు పోలేదంటే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ మీద అనుమానపడాలి. కంప్యూటర్‌తో నడిచే కొత్తరకం కామన్ రైల్ ఇంజిన్‌తో మాత్రం ఈ పని చేయించకండి, ఆ పైపులో డీజిల్ ఒత్తిడి చర్మాన్ని చీల్చేస్తుంది.

టాపెట్ చప్పుడు పైన, రాకర్ కవర్ దగ్గర సన్నగా టిక్‌టిక్‌మంటుంది. రాడ్ బేరింగ్‌ది కింద ఛాంబర్ (ఇంజిన్ ఆయిల్ ఉండే తొట్టి) వైపు నుంచి, బరువుగా వస్తుంది. లోడు మీద, ఇంజిన్ వేడెక్కాక పెరుగుతుంది. మీ ఘాట్ మాట చదివితే నాకు భయం వేసింది అందుకే. వేడి మీద ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెజర్ ముల్లు పడిపోతోందా చూడండి. పాత ఆయిల్ ఫిల్టర్ కోయించి కాగితం మడతలు విప్పండి. వెండి రంగులోనో రాగి రంగులోనో తళుకు పొడి కనిపిస్తే మీ జయపురం మెకానిక్ చెప్పిందే నిజం కావచ్చు. అప్పుడు బండి కదపొద్దు. ‘ఇంకో నాలుగు ట్రిప్పులు లాగి ఆ డబ్బుతో చేయిస్తా’ అనుకుంటారు చూడండి, ఆ ట్రిప్పుల్లోనే బేరింగులతో పోయేది క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) దాకా వెళ్తుంది. రాడ్ విరిగి బ్లాకు పగిలితే ఇక ఇంజినే మార్చుకోవాలి.

సరే, పెద్ద పనే అని తేలిందనుకుందాం. పెట్టాలా వద్దా అన్నది బండి ఇంకెంతకాలం సంపాదిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మీరు అడగనిది ఇక్కడే ఉంది: పర్మిట్. మీ ఆరు చక్రాల బండిలాంటి రెండు యాక్సిళ్ల లారీకి నేషనల్ పర్మిట్, అంటే వేరే రాష్ట్రాలకు సరుకు తోలే పర్మిట్, 12 ఏళ్ల వయసు వరకే. రెండుకు మించి యాక్సిళ్లున్న మల్టీ యాక్సిల్‌కైతే 15. అంటే విశాఖ లైను మీకు ఆ పర్మిట్ మీద మహా అయితే ఇంకో ఏడాది. 1,80,000ని 12 నెలలకు పంచితే నెలకు 15,000. ఇప్పుడు అన్నీ పోను నెలకు మిగిలేదాంట్లోంచి ఆ 15,000 తీసేసి చూడండి, ఇల్లు గడుస్తుందా? ఏడాది తర్వాత ఒడిశాలోనే కొరాపుట్, నవరంగపూర్, రాయగడ కిరాయిలతో ఇంకో మూడేళ్లు నడుపుతానంటే లెక్క మారుతుంది, నెలకు 4,000 లోపే పడుతుంది. అలాంటి కిరాయిలు మీకు నిజంగా దొరుకుతాయా అన్నది మీ బ్రోకర్లను ఈ వారమే అడగండి. దొరకవంటే పూర్తి ఓవర్‌హాల్ వద్దు. పాడైన సిలిండర్ వరకు పని చేయించి, పర్మిట్ ఉండగానే అమ్మకానికి పెట్టండి. పర్మిట్ వయసు దాటితే కొనేవాళ్లు తగ్గుతారు.

రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతమే కదా అనిపిస్తుంది. వాళ్లు మొత్తం అసలు మీద చివరిదాకా లెక్కేస్తారు. 2,00,000 తీసుకుని 24 నెలల్లో 2,48,000 కడితే, తగ్గుతూ పోయే అసలు మీద అది దాదాపు 21.6 శాతం వడ్డీ. దానికన్నా ఎఫ్‌డీ మీదే బ్యాంకులో లోను తీసుకోండి. ఎఫ్‌డీ వడ్డీకి మామూలుగా ఒకటి, రెండు శాతం ఎక్కువతో వస్తుంది, డిపాజిట్ చెదరదు. అయితే ఫీజు కట్టే తేదీకి ముందే ఆ లోను తీరిపోయేంత మొత్తమే తీసుకోవాలి. తీరదనుకుంటే తీసుకోవద్దు, పాప ఫీజు ఆగకూడదు.

రిపేరు బిల్లు పన్నులో తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు 1,000 చొప్పున ఆదాయం చూపించే పద్ధతిలో రిటర్ను వేస్తుంటే ఖర్చులు అందులోనే కలిసిపోయినట్టు.

కొత్త బండి ఈ ఏడాది వద్దు. కాలేజీ ఫీజూ లారీ వాయిదాలూ ఒకే జేబులోంచి పోవాలి.

షెడ్‌కి వెళ్లినప్పుడు ఇంజిన్ మొత్తం దించకముందే ఛాంబర్ విప్పి, బేరింగులు మీ కళ్లముందు చూపించమనండి. తీసిన పాత సామాన్లన్నీ తిరిగి ఇవ్వాలని అడ్వాన్స్ ఇచ్చేముందే చెప్పండి, లెక్క కాగితం మీద రాయించుకోండి.