కొత్త టర్బో కారులో ఆరు వేలకే క్లచ్ పోతే, ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు ఆ ప్లేట్ చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే నా బండి కథే చదువుతున్నట్టు అనిపించింది. మీది ఐదు నెలల క్రితం కొన్న టర్బో పెట్రోల్ మాన్యువల్, 6,200 కిలోమీటర్లు తిరిగింది, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. షోరూమ్‌లో "క్లచ్ వేర్ అండ్ టేర్ ఐటమ్, మీరు హాఫ్ క్లచ్ మీద (పెడల్ సగం తొక్కి ఉంచి) నడిపారు, వారంటీ రాదు" అని 90 వేల దాకా ఎస్టిమేట్ చేతిలో పెట్టారు, సంతకం పెట్టాలా వద్దా అని మీరు అడిగారు. ఇప్పుడే పెట్టకండి. నేను పెట్టాను, అందుకే నాలుగు నెలల్లో రెండుసార్లు గేర్‌బాక్స్ దించాల్సి వచ్చింది.

నేను కూడా ఇలాంటి బండే 2022లో కొన్నాను. కంపెనీ పేరు, షోరూమ్ పేరు ఇక్కడ రాయను, మీకు వాటితో పని లేదు. హైదరాబాద్‌లో కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసుకి రోజూ వెళ్ళి రావడం, నెలకోసారి కర్నూలు. 7,400 దగ్గర మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ వైపు వెళ్తూ ఐదో గేర్‌లో లారీని దాటుదామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, మూడు వేల దగ్గరున్న ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా నాలుగున్నర వేలకి వెళ్ళింది, స్పీడ్ మాత్రం ఉన్నచోటే ఉంది. టర్బో అందుకోవడం ఆలస్యమైందేమో అనుకున్నాను. వారం తిరగకముందే ట్రాఫిక్‌లో కాలిన వాసన రావడం మొదలైంది, పక్క బండిదేమో అని అద్దం దించి చూశాను కూడా.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి, మీకు కూడా ఇలాగే ఉందేమో చూసుకోండి. పొద్దున్నే బేస్‌మెంట్ ర్యాంప్ ఎక్కేటప్పుడు బండి చాలా బాగుండేది. నలభై నిమిషాలు ట్రాఫిక్‌లో నలిగాక క్లచ్ పట్టుకునే చోటు పెడల్‌లో పైపైకి వచ్చేసేది, కాలు దాదాపు పూర్తిగా తీసేస్తే తప్ప పట్టుకునేది కాదు, ఆ తర్వాత జారేది, అంటే ఇంజన్ తిరుగుతున్నా ఆ బలం చక్రాలకి పూర్తిగా అందేది కాదు. రాత్రంతా చల్లబడితే పొద్దునకి మళ్ళీ మామూలే. ఇదంతా సర్వీస్ అడ్వైజర్‌కి చెప్పాను. ఆయన జాబ్ కార్డులో రాసింది మాత్రం "క్లచ్ స్లిప్, చెక్" అని మూడు ముక్కలు. అప్పుడు నేను పట్టించుకోలేదు, ఇప్పుడు తలచుకుంటే అదే నేను చేసిన పెద్ద తప్పు. నా మాటలు నా మాటల్లోనే రాయించాల్సింది.

క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, లేబర్ అన్నీ కలిపి 84 వేలు కట్టించుకున్నారు. పాత సామాన్లు చూపించమంటే స్క్రాప్‌కి వెళ్ళిపోయాయన్నారు. "సార్, మీరు కొంచెం స్మూత్‌గా నడపాలి" అని సలహా కూడా ఇచ్చారు. పన్నెండేళ్ళుగా మాన్యువల్ నడుపుతున్నాను, పాత హ్యాచ్‌బ్యాక్ అమ్మేనాటికి 92 వేల కిలోమీటర్ల మీద మొదటి క్లచ్‌తోనే ఉంది. అయినా ఆ మాటతో నా మీద నాకే అనుమానం వచ్చింది, రెండు నెలలు సిగ్నల్ దగ్గరికి వస్తే చాలు టెన్షన్ పడుతూ నడిపాను. సరిగ్గా 1,900 కిలోమీటర్లకి మళ్ళీ అదే వాసన.

ఈసారి షోరూమ్‌కి పోకుండా బాలానగర్‌లో పాతికేళ్ళుగా గేర్‌బాక్స్ పనులే చేస్తున్న ఒక మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన బండి కింద చూడకముందే అడిగిన ప్రశ్న ఒకటే. "పొద్దుగాల మంచిగుండి వేడెక్కినంక జారుతుందా సార్?" అవునన్నాను. బండి వేడిగా ఉండగానే, పెడల్ మీద కాలు లేకుండా, క్లచ్ లైన్‌లో గాలి తీసే బ్లీడ్ నిపుల్ కొంచెం వదులు చేశారు. పెడల్ తొక్కనప్పుడు ఆ లైన్‌లో ప్రెషర్ ఉండకూడదు, ఆయిల్ మెల్లగా బొట్లుబొట్లుగా కారాలి. అది చిమ్మింది. నిపుల్ బిగించి రోడ్డు మీదకి తీసుకెళ్ళి నాలుగో గేర్‌లో ఫుల్‌గా తొక్కితే క్లచ్ జారలేదు! పది నిమిషాల ముందు జారిన క్లచ్ అదే.

అసలు లోపల ఏం జరుగుతోందంటే, మీరు పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ని నెడుతుంది, అది గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌ని, అది రిలీజ్ బేరింగ్‌ని, బేరింగ్ వెళ్ళి, క్లచ్ ప్లేట్‌ని ఇంజన్ వైపు నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ స్ప్రింగ్‌ని నెడితే క్లచ్ విడిపోతుంది. కాలు తీశాక పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి, అప్పుడే మాస్టర్ సిలిండర్‌లో ఉండే సన్నని రంధ్రం తెరుచుకుని లైన్‌లోని ఆయిల్‌కి పైన డబ్బాలోకి దారి దొరుకుతుంది. పెడల్ వెనకున్న పుష్‌రాడ్‌కి ఫ్రీ ప్లే (కొంచెం ఖాళీ కదలిక) ఏమాత్రం లేకపోయినా, లోపలి సీల్ ఉబ్బినా, ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. ఇంజన్ వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేదు, కాబట్టి ఆ ప్రెషర్ బేరింగ్ మీద పడుతుంది. అంటే మీరు కాలు తీసేసినా బండి తనంతట తాను పెడల్‌ని కొంచెం తొక్కి పట్టుకున్నట్టే. నాకు హాఫ్ క్లచ్ అలవాటు ఉందన్నారు, ఆ హాఫ్ క్లచ్ వేసింది మాస్టర్ సిలిండర్. కొత్త ప్లేట్ వేసి పాత సిలిండర్ అలాగే వదిలేస్తే ఆ ప్లేట్ కూడా కాలకుండా ఎలా ఉంటుంది?

మీది కూడా కచ్చితంగా ఇదే అని అనడం లేదు. క్లచ్ తొందరగా పోవడానికి చాలా కారణాలున్నాయి, కొన్నిటిలో తప్పు నడిపేవాళ్ళదే. అందుకే ప్లేట్ చూడమంటున్నాను. గేర్‌బాక్స్ దించేటప్పుడు మీరు అక్కడే ఉంటానని ముందే రాసివ్వండి, దించగానే ఫోటోలు, వీడియో తీయండి. ప్లేట్ మీద రాపిడికి ఉండే లైనింగ్ రెండు వైపులా సమానంగా రివెట్ల దాకా అరిగి, ఫ్లైవీల్ (ప్లేట్ ఆనుకునే ఇంజన్ చక్రం) మీద, ప్రెషర్ ప్లేట్ మీద నీలం రంగు మచ్చలు కనిపిస్తే అది వేడి వల్ల, అంటే క్లచ్ చాలాసేపు జారింది. ఎందుకు జారిందనేది మాత్రం ఆ మచ్చలు చెప్పవు. నడిపే తీరు వల్లా అలాగే ఉంటుంది, నా సిలిండర్ లాంటి లోపం వల్లా అలాగే ఉంటుంది. షోరూమ్ వాళ్ళు నీలం మచ్చ చూపించి "చూశారా సార్, మీ డ్రైవింగే" అంటే అక్కడితో ఒప్పుకోకండి. లైనింగ్ నల్లగా జిడ్డుగా ఉంటే క్రాంక్ వెనక సీల్ నుంచో గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ నుంచో ఆయిల్ కారి ప్లేట్ మీద పడింది, దానికీ మీ కాలికీ సంబంధం లేదు. ఒక వైపే అరిగినా, మధ్యలో ఉండే డాంపర్ స్ప్రింగులు విరిగినా, ప్రెషర్ ప్లేట్ స్ప్రింగ్ వేళ్ళలో ఒకటి తెగినా, పార్ట్‌లోనో బిగింపులోనో తేడా ఉందేమో అని గట్టిగా అడగొచ్చు.

ఇప్పుడు మీ వైపు నుంచి కూడా నిజాయితీగా చూసుకోవాలి, ఎందుకంటే పవర్ ఎక్కువున్న కారులో క్లచ్ మీద పడే భారం మామూలు కారు కంటే చాలా వేరు. స్పీడ్ కోసం చేసిన బండికి ఫస్ట్ గేర్ పొడుగ్గా ఉంటుంది. నా పాత హ్యాచ్‌బ్యాక్ ఫస్ట్‌లో క్లచ్ పూర్తిగా వదిలేసినా గంటకి ఐదారు కిలోమీటర్ల మీద పాకేది, ఈ బండి ఎనిమిది దాటితే గానీ కుదురుగా ఉండదు. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఏడింటికి ట్రాఫిక్ నడిచేది మూడు నాలుగు మీద. అంటే మీరెంత బాగా నడిపినా ప్రతి కదలికలో క్లచ్ జారుతూనే ఉంటుంది. దీనికి నేను కనుక్కున్న మార్గం ఒకటే, ముందు బండి కదిలినప్పుడల్లా కదలకుండా రెండు కార్ల పొడవు ఖాళీ వచ్చేదాకా ఆగి, అప్పుడు ఒకేసారి వదిలి వెళ్ళడం. వెనకవాళ్ళు హారన్ కొడతారు, కొట్టనివ్వండి. ర్యాంప్ మీద ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేక్ వేయండి, క్లచ్ మీద నిలబెట్టకండి.

రేసు స్టార్టుల లెక్క ఇంకా దారుణం. ఆగి ఉన్న బండిని రెండు వేల ఆర్‌పీఎం దగ్గర వదలడానికీ, నాలుగు వేల దగ్గర పట్టి వదలడానికీ క్లచ్‌లో పుట్టే వేడి రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లు, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. అలాంటివి వరసగా ఐదారు చేస్తే కొత్త ప్లేట్ కూడా తట్టుకోలేకపోవచ్చు. ఇక రీమ్యాప్, అంటే పవర్ పెరగడానికి ఇంజన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించడం. మీ ప్రశ్నలో ఆ మాట లేదు, చేయించి ఉంటే మాత్రం దాచకండి. కంపెనీ క్లచ్‌ని ఆ ఇంజన్ ఇచ్చే టార్క్ (తిప్పే బలం) కంటే కొంచెం ఎక్కువకి మాత్రమే తయారు చేస్తుంది, మరీ గట్టి స్ప్రింగ్ పెడితే పెడల్ బరువెక్కి ట్రాఫిక్‌లో కాలు నొప్పి పుడుతుంది కాబట్టి. రీమ్యాప్‌లో టార్క్ పాతిక ముప్ఫై శాతం పెంచితే ఆ మిగులు చాలావరకు పోతుంది, అదీ టర్బో కావడంతో తక్కువ ఆర్‌పీఎంలోనే ఒక్కసారిగా వచ్చి పడుతుంది. తర్వాత కంపెనీ ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించినా చాలా ఇంజన్ కంప్యూటర్లలో (ఈసీయూల్లో) ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ మార్చారో లెక్క ఉంటుంది. ఆ పరిస్థితిలో వారంటీ అడిగితే వాళ్ళ వాదనకే బలం.

అలాంటిదేమీ లేకపోతే మాత్రం వదలకండి. క్లచ్ ప్లేట్ వేర్ అండ్ టేర్ కింద వారంటీలో ఉండదన్న మాట చాలావరకు నిజమే, వారంటీ పుస్తకంలో అలాగే రాసి ఉంటుంది. కానీ మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్, ఆయిల్ సీల్ ఆ వారంటీ రాని వాటి జాబితాలో ఉన్నాయేమో ఒక్కో పేరు వెతికి చూడండి. నా పుస్తకంలో లేవు. నా వాదన మొత్తం దాని మీదే నిలబడింది: వారంటీ ఉన్న పార్ట్ చెడిపోయి వారంటీ లేని పార్ట్‌ని కాల్చేసింది, కాబట్టి రెండూ మీరే మార్చాలి. బాలానగర్ మెకానిక్ చేసిన టెస్ట్‌ని వీడియో తీశాను, తర్వాత షోరూమ్ వర్క్స్ మేనేజర్ ముందు అదే టెస్ట్ మళ్ళీ చేయించాను. ఫోన్‌లో మాట్లాడటం పూర్తిగా మానేసి అన్నీ మెయిల్‌లోనే, షోరూమ్‌కీ కంపెనీ కస్టమర్ కేర్‌కీ కలిపి రాశాను. క్లచ్ ఏ కారణం వల్ల పోయిందో రాతపూర్వకంగా ఇమ్మని అడిగాను. నోటితో "మీ డ్రైవింగే" అన్నవాళ్ళు ఆ మాట లెటర్‌హెడ్ మీద మాత్రం రాయలేదు.

అయినా కదలకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, నాకు అసలు కదలిక వచ్చింది దాని తర్వాతే. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి పోనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఇ-జాగృతి పోర్టల్‌లో కూడా వేయొచ్చు. కొన్న ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే, ఫీజు 10 నుంచి 20 లక్షల ధరకి 400 రూపాయలు, 20 నుంచి 50 లక్షలకి 1,000. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపించగలదు, అందుకే పాత ప్లేట్ మీ దగ్గర ఉండటం అంత ముఖ్యం. డబ్బు కట్టి మార్పించుకోక తప్పకపోయినా, బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి పాత సామాను సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. నేను మొదటిసారి అది చేయలేదు, ఆ మొదటి ప్లేట్ ఉంటే నా పని చాలా తేలికయ్యేది.

చివరికి నాకు మాస్టర్ సిలిండర్, రెండో క్లచ్ ఉచితంగా వేశారు, మొదటి బిల్లులో పార్ట్స్ డబ్బు వెనక్కి ఇచ్చారు, లేబర్ మాత్రం ఇవ్వలేదు. కేసు వేయాలా అని ఆలోచించి అక్కడితో ఆగాను, అప్పటికే నాలుగు నెలలు దీని మీదే పోయాయి. ఆ తర్వాత ఇప్పటికి 31 వేలు తిరిగింది, అదే రోడ్డు, అదే ట్రాఫిక్, అదే కాలు, క్లచ్ ఒక్కసారి కూడా జారలేదు.

మీ బండి ఇంకా షోరూమ్‌లోనే ఉంటే, గేర్‌బాక్స్ ఇంకా దించకపోతే, ముందు ఆ బ్లీడ్ నిపుల్ టెస్ట్ వేడి బండి మీద చేయించండి, ఐదు నిమిషాల పని. ఇప్పటికే దించేసి ఉంటే ప్లేట్ రెండు వైపులా, ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ ఫోటోలు వెలుతురులో తీసి ఇక్కడ పెట్టండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా జారేదా, లేక వేడెక్కాకేనా అన్నది కూడా రాయండి.