తీసివేతలో అప్పు ఎవరు తీర్చాలి?

సందేహం: మా అమ్మాయి రెండో తరగతి. 52 – 27 చేయిస్తూ, "రెండులోంచి ఏడు పోదు కదా, పక్కనున్న అయిదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో" అన్నాను. చేసింది. అంతా అయ్యాక "మరి అప్పు తిరిగి ఇవ్వలేదేం?" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. ఇక్కడ ‘అప్పు’ అనడం తప్పా? ఇంకేమనాలి? అలాగే ‘27ను 52 నుంచి తీసివేయుము’ అని ఇస్తే పిల్లలు తిరగేసి రాస్తున్నారు. ఆ వాక్యం సరైనదేనా?

సమాధానం: మీ అమ్మాయి న్యాయమైన ప్రశ్నే అడిగింది. అప్పు అన్నాక తీర్చడం ఉండాల్సిందే. తిరిగి ఇవ్వక్కర్లేనిదాన్ని తెలుగులో ఎవరూ అప్పు అనరు. కొందరు ‘అరువు’ అని మార్చి చెబుతారు గానీ దాంతో చిక్కు తగ్గదు. అరువు తెచ్చినదాన్ని వాడుకుని తిరిగి ఇచ్చేయాలి. చేబదులైనా అంతే.

అప్పు తీర్చే తీసివేత కూడా ఒకటుంది. 52 – 27లో పైనున్న 2కు పది కలిపి 12 చేస్తారు. 12లో 7 పోతే 5. పైన పది కలిపాం కాబట్టి కిందా ఒక పది కలపాలి. అందుకని 27లోని 2 పదులు 3 పదులవుతాయి. 5లో 3 పోతే 2. జవాబు 25. రెండు సంఖ్యలకూ ఒకే మొత్తం కలిపితే వాటి తేడా మారదు, అదే ఇందులోని కిటుకు. పైన తీసుకున్నది కింద చెల్లించేస్తాం కాబట్టి ఈ పద్ధతికి ‘అప్పు’ అన్న మాట అతికినట్టు సరిపోతుంది.

మీరు చేయించింది అది కాదు. మీరు 5ను కొట్టేసి 4 వేయించారు, 2 పక్కన ఒకటి పెట్టించి 12 చేయించారు. ఇందులో బయటి నుంచి ఏమీ రాలేదు. యాభై, రెండుగా ఉన్న సంఖ్యే నలభై, పన్నెండుగా మారింది. అది అప్పుడూ 52, ఇప్పుడూ 52. తన డబ్బే ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకున్నవాడిని అప్పులవాడు అంటామా? ఈ రెండు పద్ధతుల్నీ అమెరికాలో బ్రౌనెల్, మోజర్ అనే పరిశోధకులు మూడో తరగతి పిల్లల మీద పోల్చి చూసి 1949లో ప్రచురించారు. ఎందుకలా చేస్తున్నామో వివరిస్తూ నేర్పితే విడదీసే పద్ధతే మేలని వాళ్లు తేల్చారు. వివరించకుండా నేర్పినప్పుడు దానికి అంత బలం లేదు. అంటే మనం వాడే మాటలకు పనుందన్నమాట.

కాబట్టి ‘పదిని విడదీయి’ అనండి. పుల్లల కట్టలతో నేర్పుతుంటే ‘కట్ట విప్పు’ అనండి, ఇంకా బాగుంటుంది. కూడికలో పది ఒకట్లు పోగైతే కట్ట కడతాం, తీసివేతలో ఒకట్లు చాలకపోతే కట్ట విప్పుతాం. ఈ రెండు క్రియలతో రెండు లెక్కలూ ఒకదానికొకటి ఎదురని పిల్లకు విడిగా చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. ‘పునర్వర్గీకరణ’ లాంటి మాటలు టీచర్ల శిక్షణ పుస్తకాల్లో ఉండనివ్వండి. ఏడేళ్ల పిల్లకు వాటితో పనిలేదు.

నిజానికి మీ వాక్యంలో నాకు ‘అప్పు’ కన్నా ఎక్కువ ఇబ్బందిగా తోచింది ‘ఒకటి’. అయిదు దగ్గర ఒకటి తెచ్చుకుంటే రెండు మూడవ్వాలి గానీ పన్నెండెలా అవుతుంది? అక్కడున్నది అయిదు కాదు, అయిదు పదులు. తెచ్చింది ఒకటి కాదు, ఒక పది. ‘పదులు’, ‘వందలు’ అని సంఖ్యను వస్తువులా బహువచనంలో పలకడం తెలుగుకు సహజం. ఆ సౌకర్యాన్ని చేజేతులా వదులుకోవద్దు.

మన సంఖ్యల పేర్లు కూడా ఇందుకు సాయపడతాయి. ఇరవై ఒకప్పటి ‘ఇరువది’, అంటే రెండు పదులు. ముప్పై ‘ముప్పది’, అరవై ‘అరువది’, తొంభై ‘తొంబది’. యాభై కూడా ‘ఏబది’ నుంచి వచ్చిందే. పలికీ పలికీ ‘పది’ అరిగిపోయి ‘ఐ’ మాత్రం మిగిలింది. పిల్లకు ఈ చరిత్రంతా చెప్పమనను. కానీ తీసివేత మొదలుపెట్టే ముందు ఆ సంఖ్యను రెండు రకాలుగా పలికించండి: "యాభై రెండు. నలభై పన్నెండు." రెండోది విని నవ్వుతుంది, నవ్వనివ్వండి. కొట్టివేతల తర్వాత కాగితం మీద ఉన్నది అచ్చంగా ఆ నలభై పన్నెండే. నలభైలో ఇరవై పోతే ఇరవై, పన్నెండులో ఏడు పోతే అయిదు.

‘రెండులోంచి ఏడు పోదు’ అనేదాన్ని కూడా మానేయమంటాను. అది విన్న పిల్లలు చాలామంది రెండింటినీ తారుమారు చేసి ఏడులోంచి రెండు తీసేస్తారు. అప్పుడు జవాబు 35 వస్తుంది. పై తరగతుల్లో రుణసంఖ్యలు వచ్చినప్పుడు రెండులోంచి ఏడు నిక్షేపంగా పోతుంది కూడా. దాని బదులు ‘ఏడు తీయడానికి రెండు ఒకట్లు చాలవు’ అనండి. ‘పోదు’ అంటే దారి మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. ‘చాలవు’ అంటే మరికొన్ని ఎక్కడున్నాయని పిల్ల తనే వెతుక్కుంటుంది.

402 – 156 దగ్గర ‘అప్పు’ పూర్తిగా చేతులెత్తేస్తుంది. పక్కన ఉన్నది సున్న, అదేమిస్తుంది? వందను విడదీసి పది పదులు చేసి, అందులో ఒక పదిని మళ్లీ విడదీయాలి. 3 వందలు, 9 పదులు, 12 ఒకట్లు. ఇంకో దారి కూడా ఉంది: 402 అంటే నలభై పదులు, రెండు ఒకట్లు. అందులో ఒక పదిని విడదీస్తే ముప్ఫై తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. 39లో 15 పోతే 24, 12లో 6 పోతే 6. జవాబు 246. సున్న మీద తొమ్మిది ఎలా వచ్చిందో చెప్పలేక సతమతమయ్యే పెద్దలకు ఈ రెండో దారి నచ్చుతుంది.

‘27ను 52 నుంచి తీసివేయుము’ వ్యాకరణరీత్యా తప్పేమీ కాదు. విభక్తులు ఉన్నాయి కాబట్టి తెలుగులో మాటల వరస మారినా అర్థం మారదు. పిల్లలేమో విభక్తిని వదిలేసి, సంఖ్యల్ని విన్న వరసలోనే రాసేస్తారు. మొదట్లో ‘52లోంచి 27 తీసెయ్’ అనండి, తిరగేసిన వాక్యం మూడో తరగతిలో ఇవ్వొచ్చు. ‘తీసివేత’, ‘వ్యవకలనం’ రెండూ ఒకటే. చిన్నపిల్లలకు మొదటిది చాలు.

‘పది తెచ్చుకో’ అని బట్టీ పట్టిన పిల్లలు తడబడే చోటు ఇంకొకటుంది. 3 గంటల 10 నిమిషాల్లోంచి 1 గంట 25 నిమిషాలు తీయమంటే, అలవాటు కొద్దీ పదికి పది కలిపి ఇరవై చేస్తారు. ‘గంటను విడదీయి’ అంటే మాత్రం అరవై నిమిషాలు గుర్తొస్తాయి: 2 గంటల 70 నిమిషాలు. అందులోంచి తీస్తే మిగిలేది 1 గంట 45 నిమిషాలు.