బోనులోకి వెళ్లమంటే కుందేలు సోఫా కిందకి పరుగు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంట్లో ఏడాదిన్నర వయసున్న ఆడ కుందేలు ఉంది. రోజూ సాయంత్రం బోను తలుపు తీసి గదిలోకి వదులుతాం. హాయిగా గెంతుతుంది, మా ఒళ్లోకి కూడా ఎక్కుతుంది. తిరిగి లోపల పెట్టే టైమ్ అయ్యేసరికి సోఫా కిందకి దూరిపోతుంది. చీపురుతో బయటికి తోలి, పట్టుకుని లోపల పెట్టేసరికి అరగంట పడుతోంది. ఈమధ్య ఎత్తుకోబోతే గీరుతోంది, ఒకసారి కరిచింది కూడా. రోజూ ఇదే టెన్షన్. దానంతట అది బోనులోకి వెళ్లేలా అలవాటు చేయొచ్చా?

జవాబు: తప్పకుండా చేయొచ్చు. అయితే ముందు ఒక పని మానేయాలి. చీపురుతో తోలడం, వెంటపడి పట్టుకోవడం ఈ రోజుతోనే ఆపేయండి. సమస్య ముదరడానికి సగం కారణం అదే.

అడవిలో కుందేలు నిత్యం వేటకు గురయ్యే ప్రాణి. కళ్లు తలకి రెండు పక్కలా ఉండటం వల్ల దానికి చుట్టుపక్కలా, పైనా దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ముందు ఉన్నది మాత్రం కనిపించదు. పైనుంచి చెయ్యి దిగి వస్తుంటే దానికి గద్ద వచ్చి మీద పడుతున్నట్టే ఉంటుంది. నేల మీంచి కాళ్లు లేచాయంటే ఇక ప్రాణభయంతో గింజుకుంటుంది. మీ ఒళ్లోకి తనంతట తానే ఎక్కే కుందేలు ఎత్తుకోబోతే కరుస్తోందంటే, దానికి మీ మీద కోపం ఉందనుకోకండి. పట్టుకుని పైకి లేపడం ఒక్కటే దానికి పడటం లేదు.

బలవంతంగా పట్టుకోవడంలో ఇంకో ప్రమాదం ఉంది. కుందేలు ఎముకలు తేలికగా ఉంటాయి, వెనక కాళ్ల కండరాలు మాత్రం చాలా బలమైనవి. ఆసరా లేకుండా ఎత్తినప్పుడు గట్టిగా తన్నుకుంటే, ఆ విసురుకి నడుము దగ్గర వెన్నెముక విరిగి వెనక కాళ్లు చచ్చుపడిపోవచ్చు. చెవులు పట్టుకుని ఎత్తడం అసలే వద్దు. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుందని కొందరు చెబుతారు. భయంతో బిగుసుకుపోవడం వల్లే అది అలా ఉంటుంది. ఆ పని కూడా చేయొద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ కుందేలు బోనులోకి వెళ్లిన ప్రతిసారీ ఏం జరుగుతోంది? తలుపు పడుతోంది, ఆట ఆగిపోతోంది. కుందేళ్లు ఇలాంటివి చాలా త్వరగా కనిపెడతాయి. కాబట్టి లోపలికి వెళ్లడానికీ, తలుపు పడటానికీ దాని మనసులో పడిన ముడిని మనం విప్పాలి. బయట తిరిగినంత సేపూ బోను తలుపు తెరిచే ఉంచండి. నీళ్లు, ఎండుగడ్డి, లిట్టర్ ట్రే (మలమూత్రాలకి పెట్టే పళ్లెం) లోపలే పెట్టండి. అది మధ్యమధ్యలో లోపలికి వెళ్లి, నాలుగు గడ్డిపరకలు నమిలి మళ్లీ బయటికి వస్తుంది. రానివ్వండి. వెళ్లింది కదా అని పరుగున వెళ్లి తలుపు వేసేయొద్దు. పదిసార్లు వెళ్తే తొమ్మిదిసార్లు స్వేచ్ఛగా బయటికి రాగలిగినప్పుడు, ఆ ఒక్కసారి తలుపు పడినా అది పెద్దగా పట్టించుకోదు.

తర్వాత తిండి. పెల్లెట్లు (గుళికల్లా ఉండే కుందేళ్ల దాణా) ఎప్పుడు పెడుతున్నారో మీరు రాయలేదు. చాలామంది పొద్దున్నే గిన్నె నిండా పోసేస్తారు. అలాగైతే సాయంత్రం లోపలికి వెళ్లాల్సిన అవసరం దానికేముంటుంది? ఎదిగిన కుందేలుకి కిలో బరువుకి రోజుకి 25 గ్రాముల పెల్లెట్లు మించకూడదు. అందులో ఎక్కువ భాగం సాయంత్రం బోనులోకి వెళ్లే వేళకి అట్టేపెట్టండి. అయితే ఆకలికి మాడ్చి రప్పించాలని చూడొద్దు. ఎండుగడ్డి 24 గంటలూ అందుబాటులో ఉండాలి. గడ్డి పడకపోతే పేగుల కదలిక మందగించి ప్రాణం మీదికి వస్తుంది.

ఇక పిలుపు నేర్పాలి. చిన్న డబ్బాలో కొన్ని పెల్లెట్లు వేసుకుని, దాని పక్కనే నేల మీద కూర్చోండి. డబ్బా గలగలలాడించి వెంటనే ఒక పెల్లెట్ పెట్టండి. ఇలా కొన్నిసార్లు చేశాక, చప్పుడు వినగానే చెవులు మీ వైపు తిప్పుతుంది, పరుగెత్తుకొస్తుంది. అప్పుడు బోనుకి కాస్త దగ్గరగా కూర్చుని పిలవండి. తర్వాత గుమ్మం దగ్గర, ఆ తర్వాత లోపల, చివరికి వెనక మూలలో పెట్టండి. నాలుగు కాళ్లూ లోపల పెట్టడానికి వెనకాడుతోందంటే మనం తొందరపడ్డామని అర్థం. అంతకుముందు చేసిన చోటికే మళ్లీ వెళ్లండి. ధీమాగా లోపలికి వెళ్లి తింటున్నప్పుడు చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, అది తినడం పూర్తయ్యేలోపే తెరిచేయండి. ఆ సమయాన్ని కొంచెం కొంచెంగా పెంచండి. పొద్దున్నే, సాయంత్రం కుందేళ్లు చురుగ్గా ఉంటాయి కాబట్టి ఆ రెండు వేళల్లో ఐదేసి నిమిషాలు చాలు. కొన్ని కుందేళ్లు వారంలోనే నేర్చుకుంటాయి, బాగా బెదిరినవాటికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఇంట్లో ఒకరు పిలుస్తుంటే ఇంకొకరు వెంటపడి పట్టుకుంటే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. పిల్లలకి కూడా ఈ మాట చెప్పండి. క్యారట్, పండ్లు ఇష్టంగా తింటుంది కానీ వాటిలో చక్కెర ఎక్కువ, గోరంత ముక్క దాటొద్దు.

ఇదంతా అలవాటయ్యేదాకా రాత్రి ఎలా అంటారా? బయటికి వదిలేముందే సోఫా కింద సందుల్ని మూసేయండి. ఒక అట్టపెట్టెకి గుమ్మంలా కోసి, లోపల గడ్డి పరిచి గదిలో ఉంచండి. దాక్కోవడానికి అందులోకి దూరుతుంది. పెట్టెతో సహా మెల్లగా తీసుకెళ్లి బోను ముందు ఆనిస్తే, చేత్తో పట్టుకునే పనే ఉండదు.

బోనుని కూడా ఒకసారి చూసుకోండి. అది లోపల మూడు నాలుగు గెంతులు వేయగలగాలి, చెవులు నిక్కించి నిలబడగలగాలి. చాలా బోనులు ఇంత పెద్దగా ఉండవు. అడుగున తీగల జాలీ ఉంటే పాదాలు ఒరుసుకుపోతాయి, దాని మీద మెత్తగా ఏదైనా పరవండి. శుభ్రం చేసేటప్పుడు మొత్తం ఒకేసారి కడిగేయకుండా, వాడిన గడ్డి కొంచెం ఉంచండి. దాని వాసన ఉంటేనే అది తన చోటు అనుకుంటుంది. అది లోపల ఉండగా చెయ్యి పెట్టి లాగడం, సర్దడం కూడా వద్దు. నన్నడిగితే, కరెంటు వైర్లు అందకుండా చేసి, బోను చుట్టూ కంచె కట్టి, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచడం అన్నిటికంటే మంచిది.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది ‘ఈమధ్య’ అన్న మాట. గీరడం, కరవడం కొత్తగా మొదలైతే ఎక్కడైనా నొప్పి ఉందేమో చూడాలి. వెనక పాదాల మడమల దగ్గర బొచ్చు రాలి ఎర్రబడిందా? గుమ్మం ఎత్తు దాటడానికి తటపటాయిస్తోందా? నమిలేటప్పుడు సొంగ కారుతోందా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో హార్మోన్ల వల్ల కూడా ఇలాంటి కోపం వస్తుంది. వాటికి వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ కాబట్టి, ఆపరేషన్ గురించి కుందేళ్లకి వైద్యం చేసే వెటర్నరీ డాక్టర్‌తో మాట్లాడండి. ట్రైనింగ్ మొదలుపెట్టేముందే ఒకసారి చూపించడం మంచిది. ఒకవేళ 12 గంటలపాటు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా మర్నాటి దాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.